పలాస జీడిపప్పుకి వెబ్‌సైట్: కంపెనీకి ఇవ్వాలా, కుర్రాడికి ఇవ్వాలా?

ప్రశ్న:
మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారం. ఇన్నాళ్లూ వాట్సాప్‌లోనే ఆర్డర్లు, ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు నుంచి అడిగేవాళ్లు పెరిగారని సైట్ పెడదామనుకుంటున్నాం. విశాఖలో ఒక కంపెనీ, శ్రీకాకుళంలో సొంతంగా చేసే కుర్రాడు, ఇద్దరితో మాట్లాడాను. కంపెనీ వాళ్లు మూడింతలు చెప్తున్నారు. కుర్రాడు పనిమంతుడే, కానీ రేపు ఉద్యోగమొచ్చి వెళ్లిపోతే ఎలా అని టెన్షన్.

జవాబు 1:
రేటు తర్వాత అన్నా, ముందు డొమైన్, అంటే సైట్ అడ్రస్, మీ పేరు మీద, మీ మెయిల్‌తో రిజిస్టర్ చేయమనండి. విజయనగరంలో మా బట్టల షాపుకి చేసినాయన తన పేరున పెట్టుకుని, తీరా రెన్యువల్ టైముకి ఫోనెత్తలేదు. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే సర్వర్) పాస్‌వర్డ్‌లు మీ దగ్గరుంటే ఎవరు వెళ్లిపోయినా ఇంకొకరు అందుకుంటారు.

జవాబు 2:
వాళ్లు చేసిన పాత సైట్లు వైఫై ఆపేసి మీ ఫోన్‌లో తెరవండి, ఆఫీసులో పెద్ద స్క్రీన్ మీద చూపిస్తే అన్నీ బాగానే కనబడతాయి మరి. ఏదో ఒక వస్తువు ఎంచుకుని యూపీఐ పేజీ దాకా వెళ్లి చూడండి. అక్కడే చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు.

జవాబు 3:
ధరలు మీరే మార్చుకునేలా ఉండాలి. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, బద్ద, ఇలా ఏ గ్రేడు పప్పు రేటు మారినా ప్రతిసారీ సైట్ చేసినాయన్ని బతిమాలుకోవాలంటే కష్టం. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ నంబరు పేజీలో పెట్టించండి, సైట్‌కి ఏటా ఎంత కట్టాలో కూడా కాగితం మీద రాయించుకోండి. నేనైతే కుర్రాడికే ఇస్తాను, సగం అడ్వాన్సు, మిగతాది పాస్‌వర్డ్‌లన్నీ చేతికొచ్చాకే.