అప్‌డేట్: సాబా వెళ్లొచ్చాం

కరీబియన్‌లోని సాబా దీవికి విమానమా, పడవా, అక్కడ సముద్రంలో డైవింగ్‌కి నా ఓపెన్ వాటర్ కార్డు (మొదటి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్) సరిపోతుందా అని అప్పుడు అడిగాను కదా, ఇప్పుడు జవాబు చెబుతున్నా.

విమానమే ఎక్కాం. పక్క దీవి సెయింట్ మార్టెన్ నుంచి దాదాపు పావుగంట. రన్‌వే 400 మీటర్లే, రెండు చివర్లా కింద సముద్రం. చక్రాలు నేలకి తగిలేదాకా మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు, గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

కార్డు సరిపోదన్న మీ మాటే నిజమైంది. పేరున్న పినాకిల్స్ (నీటి అడుగున నిలువుగా లేచిన రాతి శిఖరాలు) కొనలే దాదాపు 30 మీటర్ల లోతున ఉంటాయి, నా కార్డుకి పరిమితి 18 మీటర్లు. దాని పై కోర్సు, అడ్వాన్స్‌డ్, చేసి వెళ్లమన్నారు మీరు, వినలేదు. నాదే తప్పు.

పైగా మొదటి డైవ్‌లోనే మాస్క్‌లోకి నీళ్లు. కారణం నా మీసం! తీసేయమన్నారు అక్కడివాళ్లు. తీయలేదు గానీ, ముక్కు కింద కాస్త కత్తిరించుకున్నా, చాలావరకు తగ్గింది.

అయినా లాడర్ ల్యాబిరింత్ అనే డైవింగ్ చోటు ఒక్కటి చాలు. అక్కడ పసుపుపచ్చ ఇసుకలో వేళ్లు గుచ్చితే, ఆర్పిన పొయ్యిలో బూడిదలా వెచ్చగా తగిలింది. అగ్నిపర్వతం వేడి అది.

ఒక్క జాగ్రత్త: దీవి మధ్యలోని కొండ, మౌంట్ సీనరీ మెట్లు (1,064) డైవింగ్ మొదలుపెట్టక ముందే ఎక్కేయండి. చివరి డైవ్ తర్వాత విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి కదా, ఆ ఖాళీలో ఎక్కుదామనుకున్నాం. డైవ్ చేసిన వెంటనే విమానంలాగే కొండ ఎత్తూ ఒంటికి ప్రమాదమట; ఇది దాదాపు 880 మీటర్ల ఎత్తు, అదీ వద్దన్నారు. కింద కూర్చుని కొండనే చూశాం, అదీ మబ్బులో ఉంది.