అలబామా హెచ్‌బీ 56: ఊళ్ల మీద, కొట్ల మీద దెబ్బ ఎక్కడ పడింది?

గోదారిగట్టు (ప్రశ్న):
వలస చట్టాలు ఫెడరల్ ప్రభుత్వం చూసుకునేవే అనుకుంటాం. కానీ 2010లో అరిజోనా, 2011లో జార్జియా, అలబామా, 2023లో ఫ్లోరిడా సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. అలబామాలో హెచ్‌బీ 56 అనే ఆ చట్టం వచ్చాక పోలీసులు పట్టుకుంది కొద్దిమందినే అంటారు, మరి కుటుంబాలకి కుటుంబాలు రాత్రికి రాత్రి ఎందుకు వెళ్లిపోయాయి? స్థానిక వ్యాపారాలకి ఆ దెబ్బ ఏ దారిన తగిలింది? ఇంకో సంగతి కూడా చెప్పండి. బర్మింగ్‌హామ్ వైపు పదిమంది పనివాళ్లతో కిరాణా కొట్టు, అందులోనే టిఫిన్ కౌంటర్ పెట్టేవాళ్లకి ఆ చట్టంలో ఇప్పటికీ వర్తించేది ఏమిటి?

నల్లరేగడి:
ఈ చట్టం మీద గవర్నర్ రాబర్ట్ బెంట్లీ 2011 జూన్ 9న సంతకం పెట్టారు. సెప్టెంబరు 28న ఫెడరల్ జడ్జి చాలా సెక్షన్లకి అడ్డు చెప్పకపోవడంతో అమలు మొదలైంది. పేపర్లన్నీ పోలీసు తనిఖీ గురించే రాశాయి గానీ, నా లెక్కలో జనాన్ని లేపి పంపినవి 27, 30 సెక్షన్లు.

సెక్షన్ 27 ప్రకారం, దేశంలో ఉండడానికి అనుమతి పత్రాలు లేవని తెలిసి ఒకరితో చేసుకున్న ఒప్పందాన్ని రాష్ట్ర కోర్టులు అమలు చేయవు. ఒక రాత్రి బస, తినే తిండి, వైద్యం, సొంత దేశానికి తిరుగు ప్రయాణం లాంటి కొన్నిటికే మినహాయింపు. అంటే ఇంటి ఓనరు అడ్వాన్సు ఎగ్గొట్టినా, మేస్త్రీ కూలి ఎగ్గొట్టినా కోర్టుకెక్కే దారి మూసుకుపోయినట్టే.

సెక్షన్ 30 ఇంకా ఘోరం. పత్రాలు లేనివాళ్లు ప్రభుత్వంతో ఏ 'లావాదేవీ' జరిపినా ఫెలనీ, అంటే జైలుకి పంపే పెద్ద నేరం. దీని దెబ్బ మొబైల్ హోముల (ట్రక్కుతో లాక్కుపోగలిగే ఇళ్ల) దగ్గర తెలుస్తుంది. అక్కడ మొబైల్ హోమ్ సొంతదారులు ఏటా కౌంటీకి ఫీజు కట్టి, స్టిక్కర్ తెచ్చి, ఇంటికి కనబడేలా అతికించాలి. గడువు నవంబరు 30. స్టిక్కర్ లేకపోతే జరిమానా, దాని కోసం ఆఫీసుకి వెళ్తే ఫెలనీ. పోనీ ఇంటిని ట్రక్కు మీద వేరే రాష్ట్రానికి లాక్కుపోదామంటే, తరలింపు పర్మిట్‌కీ ఆ స్టిక్కరే కావాలి. ఉండనివ్వదు, కదలనివ్వదు. మొబైల్ హోములకి దీన్ని వర్తింపజేయకుండా ఫెడరల్ జడ్జి మైరన్ థాంప్సన్ ఆపారు. బ్లౌంట్ కౌంటీలో ఆల్‌గుడ్ నీటి ఆఫీసు అయితే అలబామా డ్రైవింగ్ లైసెన్సు గానీ ఫొటో కార్డు గానీ ఇవ్వకపోతే నీళ్లు ఆగిపోవచ్చని నోటీసు అంటించింది. పిల్లలున్న ఇంట్లో నీళ్లు ఆగిపోతాయంటే, ఇంక పోలీసుల దాకా ఎందుకు?

బడి సంగతి: కొత్తగా చేరే పిల్లల వలస హోదా అడగమంది సెక్షన్ 28. చట్టం అమల్లోకి వచ్చాక మొదటి సోమవారం రాష్ట్రమంతటా 2,285 మంది హిస్పానిక్ పిల్లలు బడికి రాలేదు. వాళ్లలో చాలామంది అమెరికాలో పుట్టిన పౌరులే.

ఇక వ్యాపారం. అలబామాలో అప్పట్లో బియ్యం, పాల మీద కూడా 4 శాతం రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ ఉండేది, దాని మీద ఊరి పన్ను అదనం. పత్రాలున్నా లేకపోయినా ప్రతి బిల్లులో అది పడుతుంది. కుటుంబం వెళ్లిపోతే అద్దె, సరుకులు, పాత కార్ల వాయిదాలతో పాటు మునిసిపాలిటీ రాబడీ పోతుంది. అలబామా యూనివర్సిటీ ఆర్థికవేత్త శామ్యూల్ ఆడీ 2012లో వేసిన అంచనా ప్రకారం 40 నుంచి 80 వేల మంది పనివాళ్లు వెళ్తే రాష్ట్ర జీడీపీకి ఏటా 230 కోట్ల నుంచి 1,080 కోట్ల డాలర్ల నష్టం. ఇది జనాన్ని లెక్కపెట్టి తేల్చింది కాదు, ఊహల మీద కట్టిన అంచనా. అందుకే రెండు కొసల మధ్య అంత దూరం. పై అంకెనొక్కదాన్నే పట్టుకుని వాదించేవాళ్లని నమ్మకండి.

పచ్చిమిర్చి:
పొలాల సంగతి నేను చెప్తాను. సెయింట్ క్లెయిర్ కౌంటీలో చాండ్లర్ మౌంటెన్ టమాటాకి పేరు. అక్కడ మంచు పడేదాకా ఒకే చెట్టు నుంచి పలుమార్లు కోస్తారు. దోరకాయని చూపుతోనే పోల్చి, తీగ విరగకుండా తెంపాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే కాయ మెత్తబడుతుంది, దూర మార్కెట్‌కి పనికిరాదు. అప్పట్లో కూలి 25 పౌన్ల పెట్టెకి 2 డాలర్లు. అలవాటున్న చేతికి గిట్టుబాటవుతుంది. కొత్తవాళ్లు గంటకి నాలుగు పెట్టెలు నింపితే గానీ 7.25 డాలర్ల కనీస వేతనం దాటదు. స్థానికులు వచ్చి మూణ్నాలుగు రోజుల్లో మానేశారంటే అది సోమరితనం కాదు, ఈ లెక్కే.

జార్జియాలో వాళ్ల వలస చట్టం హెచ్‌బీ 87 అమలైంది 2011 జూలై 1న. నష్టం అంతకు ముందే, మే జూన్‌లలోనే మొదలైంది. ఫ్లోరిడాలో కోత ముగించి ఉత్తరానికి వచ్చే కూలీల ముఠాలు జార్జియాని తప్పించుకుని నేరుగా కరొలైనాలకి పోయాయి. రాష్ట్ర వ్యవసాయ శాఖ సర్వేలో 11,080 ఖాళీలు తేలాయి. ప్రొబేషన్ మీద (జైలు బదులు అధికారుల పర్యవేక్షణలో) ఉన్నవాళ్లని దోసకాయ కోతకి పంపి చూశారు, ఎక్కువమంది మధ్యలోనే వెళ్లిపోయారు.

'హెచ్-2ఎ వీసా (పొలం పనులకి ఇచ్చే తాత్కాలిక వీసా) ఉందిగా' అనేవాళ్లకి: కూలీలు కావలసిన తేదీకి 75 నుంచి 60 రోజుల ముందు రాష్ట్ర కార్మిక ఏజెన్సీకి జాబ్ ఆర్డర్ ఇవ్వాలి, కనీసం 45 రోజుల ముందు కార్మిక శాఖకి దరఖాస్తు పంపాలి. బస ఉచితం, రానుపోను ఖర్చు రైతుదే, చెప్పిన పనిలో నాలుగింట మూడొంతులకి, అంటే 75 శాతానికి, కూలి గ్యారంటీ. చట్టం జూన్‌లో వస్తే ఆ ఏడాది పంటకి ఇది అందదు. పైగా ఇది సీజన్ పనులకే. ఏడాది పొడుగునా నడిచే ఆల్బర్ట్‌విల్ కోళ్ల ఫ్యాక్టరీల లాంటివాటికి పనికిరాదు.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. కొట్టు సంగతి?

సంతకం_ఇక్కడ:
2012 జూన్‌లో అరిజోనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఆగస్టులో 11వ సర్క్యూట్ (అలబామా మీది ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) తీర్పు వచ్చాక అలబామా చట్టంలో చాలా భాగం పడిపోయింది. 27, 28 సెక్షన్లు కూడా ఆగాయి. సెక్షన్ 30ని మాత్రం ఆ తీర్పు ఆపలేదు, 2012 మేలో శాసనసభే దాని పరిధి తగ్గించింది. 2013 అక్టోబరులో రాష్ట్రం రాజీకి ఒప్పుకుంది. మీకు ఇప్పటికీ తగిలేది ఇ-వెరిఫై, అంటే కొత్త పనివాడికి పని చేసే అర్హత ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసే ఫెడరల్ వ్యవస్థ. జార్జియాలో అది పదిమంది కంటే ఎక్కువ ఉన్నవాళ్లకి, ఫ్లోరిడాలో 25 మంది నుంచి. అలబామాలో మాత్రం 2012 ఏప్రిల్ 1 నుంచి ఒక్క పనివాడున్నా తప్పనిసరి.

నమోదు ఉచితం. కొత్తగా పెట్టుకున్న మనిషి పనిలో చేరిన రోజుకల్లా ఐ-9 అనే పని అర్హత ఫారంలో మొదటి సెక్షన్ నింపాలి. మూడు పని దినాల్లోపు మీరు పత్రాలు చూసి రెండో సెక్షన్ నింపి, ఇ-వెరిఫైలో కేసు తెరవాలి. ఏ పత్రం చూపించాలో పనివాడి ఇష్టం, 'గ్రీన్ కార్డే తే' అనకూడదు. మెక్సికన్‌లా కనిపించినవాళ్లని ఒకలా, మనవాళ్లని ఒకలా తనిఖీ చేస్తే అది వివక్ష కేసు. మిస్‌మ్యాచ్ వస్తే, అంటే వివరాలు ప్రభుత్వ రికార్డులతో కలవకపోతే, నోటీసు పక్కకి పిలిచి ఇవ్వండి. అతను అభ్యంతరం చెప్తే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకో హోంలాండ్ సెక్యూరిటీకో వెళ్లడానికి 8 ఫెడరల్ పని దినాలు ఉంటాయి. ఈలోపు తీసేయకూడదు, జీతం ఆపకూడదు.

మన తెలుగువాళ్లకి మిస్‌మ్యాచ్ ఎక్కువగా వచ్చేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, ముందు 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు అని) పడుతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా ఉంటుంది. అందుకే ఎవర్నైనా చేర్చుకునే ముందే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రాక రికార్డు), సోషల్ సెక్యూరిటీ కార్డు మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోమని వాళ్లకి చెప్పండి. ఐ-94 తప్పైతే కస్టమ్స్, సరిహద్దు అధికారుల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో, కార్డు తప్పైతే ఎస్‌ఎస్-5 ఫారంతో సరిచేయించుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రానివాళ్లు పని చేయొచ్చు, నంబరు వచ్చాక కేసు తెరవండి, ఆలస్యానికి కారణం అందులో రాయండి. స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ లాంటి చదువులు పూర్తిచేసిన విదేశీ విద్యార్థులకి ఇచ్చే పని అనుమతి) 24 నెలల పొడిగింపు మీద ఉన్న పిల్లలకైతే యజమాని ఇ-వెరిఫైలో ఉండడం ఫెడరల్ నిబంధనే, రాష్ట్రం ఏదైనా సరే.