చర్చ: వూలా పాపాయోవాన్నూ పేదరికానికి అందం అద్దారా?

బొమ్మల_పెట్టె:
గ్రీసు ఫోటోగ్రాఫర్ వూలా పాపాయోవాన్నూ (1898–1990) మీద నా అభ్యంతరం ఇది. 1941–42 చలికాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఏథెన్స్ ఆకలితో అల్లాడుతుంటే బక్కచిక్కిన పిల్లల్ని ఫోటో తీసిన మనిషి, 1950ల్లోకి వచ్చేసరికి పల్లె జనాన్ని ఎండలో, కొండల మధ్య, హుందాగా చూపించారు. ఆ మధ్యలోనే 1946 నుంచి 49 దాకా అంతర్యుద్ధం నడిచింది, వామపక్షం వాళ్లను మాక్రోనిసోస్ దీవిలో నిర్బంధించారు. ఆ వెలుతురు ఫోటోల్లో ఆ నీడేది? పేదరికం అందంగా కనిపిస్తే టూరిస్టులకు బాగుంటుంది, పేదవాడికి ఏం ఒరిగింది?

చీకటి_గది:
అద్దారన్న మాట ఒప్పుకోను. ఆమె మొదట్లో తీసింది ప్రాచీన కట్టడాలు, మ్యూజియం వస్తువులు, ప్రకృతి దృశ్యాలు. 1940లో యుద్ధం వచ్చాకే కెమెరా జనం వైపు తిరిగింది. అప్పటికే వయసు నలభై దాటింది. జర్మన్లు తిండిగింజలు ఊడ్చుకుపోయారు, బ్రిటిష్ నౌకాదళం దిగుమతులను అడ్డుకుంది, మధ్యలో నగరం ఆకలితో మాడిపోయింది. ఆ పిల్లల ఫోటోల్లో పక్కటెముకలు తేలిన ఒళ్లు, గుంటలు పడ్డ కళ్లు, అంతే. జాలి పుట్టించడానికి ఇంకేమీ చేర్చలేదు.

1944లో ఏథెన్స్ మెర్లిన్ వీధిలోని జర్మన్ల నిర్బంధ కేంద్రం గోడను తీశారు. ఖైదీలు ఆ గోడ మీద రాసుకున్న రాతలే ఫోటో! సాక్ష్యం ఎక్కడుందో అంత బాగా తెలిసిన కన్ను పదేళ్లకే మెత్తబడిందంటే నేను నమ్మను. విముక్తి తర్వాత అన్రా అనే అంతర్జాతీయ సహాయ సంస్థ తరఫున దెబ్బతిన్న పల్లెలు తిరిగారు. బతికి బట్టకట్టిన వాళ్లను బతికినట్టే చూపించారు. పేదవాళ్లు ఎప్పుడూ ఏడుస్తూనే కనిపించాలనే హక్కు మనకెక్కడిది?

బొమ్మల_పెట్టె:
ఏడవమనట్లేదండీ. అన్రా పంపితే వెళ్లిన ఫోటోగ్రాఫర్ అన్రాకి కావలసిందే తెస్తారు కదా? సాయం అందిందని వాళ్లకి రుజువు కావాలి.

చీకటి_గది:
అది నిజమే. ఆ ఫోటోలు ఎవరి కోసం తీశారో ప్రతిసారీ కింద రాయాలి. అయితే 1976లో ఆమె తన ఫోటోలన్నీ బెనాకి మ్యూజియానికి ఇచ్చేశారు. ఆకలి పిల్లలు, అన్రా పల్లెలు, 1950ల ఎండ, అన్నీ ఒకే చోట ఉన్నాయి. వాటిలోంచి అందమైనవే ఏరి పోస్టర్లు వేస్తే ఆ తప్పు ఏరినవాళ్లది.

బొమ్మల_పెట్టె:
పోస్టర్ల సంగతి ఒప్పుకుంటాను. మాక్రోనిసోస్ మాటకు మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.