డార్క్ సోల్స్ అనే వీడియో గేమ్ మూడుసార్లు వదిలేశాను, సెలెస్ట్ అనే గేమ్ మాత్రం పూర్తి చేశాను. ఎందుకంటారు?

డార్క్ సోల్స్‌లో (2011) చర్చి కప్పు మీది గార్గాయిల్ (రెక్కల రాక్షసి) దగ్గరే నా కథ ముగుస్తోంది. దాని ప్రాణం సగానికి తెచ్చి ఊపిరి పీల్చుకునేలోపు రెండోది దిగుతుంది. చెమటకు కంట్రోలర్ జారిపోతుంది. సెలెస్ట్‌లో (2018) వందలసార్లు చచ్చాను, ఒక్కసారీ విసుగు రాలేదు.

జవాబు 1: సెలెస్ట్‌లో చచ్చిన వెంటనే అదే గదిలో లేస్తాం. డార్క్ సోల్స్‌లో బాన్‌ఫైర్ (చచ్చాక మళ్లీ లేచే చోటు) నుంచి మళ్లీ నడవాలి, దారిలో అందరితో మళ్లీ తన్నులాట. మీ కోపం ఆ నడక మీద. పైగా సెలెస్ట్‌లో అంచు దాటిన క్షణం తర్వాత కూడా జంప్ పనిచేస్తుంది. "నొక్కాను కదా!" అని అరవక్కర్లేదు.

జవాబు 2: నాకు స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమే టెన్షన్. హాయిగా ఉంటుందన్నారు. ఆటలో రాత్రి రెండయితే ఎక్కడున్నా స్పృహ తప్పుతుంది, నేనేమో గని అడుగున గడియారం చూసుకుంటూ పరుగు.

జవాబు 3: గార్గాయిల్ దగ్గరికి ఒంటరిగా వెళ్లారా? చచ్చాక వచ్చే శవం రూపంలో కాక మనిషి రూపంలో ఉంటే, ఆ పోరుకు ముందున్న పొగమంచు గుమ్మం దగ్గర నేల మీద సొలేర్ అనే తోడు యోధుడి గుర్తు మెరుస్తుంది. పిలవండి, ఒకదాన్ని ఆయన చూసుకుంటాడు.

అడిగినవారు: మూడుసార్లూ శవం రూపంలోనే వెళ్లాను! శనివారం నాలుగోసారి.