మైక్రోబిటెక్స్‌కి ముందు పవర్ పెంచాలా, సిగ్నల్ శుభ్రం చేయాలా?

గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. నాకు హ్యామ్ రేడియో (సరదాగా నడుపుకునే సొంత రేడియో స్టేషన్) లైసెన్స్ వచ్చి ఏడాదైంది. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన మైక్రోబిటెక్స్ రేడియో బోర్డు (పంపడం, వినడం రెండూ చేస్తుంది), నాలుగో వెర్షన్, ఒక మిత్రుడి దగ్గర కొన్నాను. 7.1 మెగాహెర్ట్జ్‌లో 10 వాట్లు వస్తోంది, 28లో రెండు వాట్లు దాటట్లేదు. పొద్దున హ్యామ్‌లందరూ రేడియోలో కలిసే నెట్‌లో చెన్నై వాళ్లు వింటున్నారు కానీ ఢిల్లీ వాళ్లకి అందట్లేదు. ఫైనల్స్‌లోని (యాంటెన్నాకి పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) ఐఆర్‌ఎఫ్510లు తీసేసి మిత్సుబిషి ఆర్‌డీ16హెచ్‌హెచ్‌ఎఫ్1 వేయమని ఒకరంటున్నారు. అవే ఉంచి పీఏకి (పవర్ యాంప్లిఫయర్‌కి) 24 ఓల్టులు ఇవ్వమని ఇంకొకరు. ఏది చేయమంటారు? అసలు చేయాలా?

సికింద్రాబాద్ నుంచి:
చేసెయ్ తమ్ముడూ. మన చేతులు పడాలనే ఈ బోర్డు పుట్టింది, సర్క్యూట్ మొత్తం అందరికీ ఇచ్చేశారు. ఐఆర్‌ఎఫ్510 స్విచ్చింగ్ కోసం చేసిన మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్. గేట్ దగ్గర 180 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ డ్రైవ్‌ని (లోపలికి ఇచ్చే సిగ్నల్‌ని) అదే తినేస్తుంది. ఆర్‌డీ16 రేడియో కోసమే చేసింది, 12.5 ఓల్టుల మీద 30 మెగాహెర్ట్జ్‌లో 16 వాట్లు ఇవ్వగలదు.

కాళ్ల వరస మాత్రం వేరు, అది చూసుకో. ఐఆర్‌ఎఫ్‌లో గేట్, డ్రెయిన్, సోర్స్. ఆర్‌డీ16లో గేట్, సోర్స్, డ్రెయిన్. చివరి రెండు కాళ్లకి స్లీవ్ తొడిగి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి సోల్డర్ చేయాలి. నేను మొదటిసారి అది చూసుకోకుండా ఉన్నదున్నట్టు దించేశాను. సప్లై ఆన్ చేశానో లేదో, బయాస్ (గేట్‌కి ఇచ్చే స్థిరమైన ఓల్టేజి) ముట్టుకోకముందే అమ్మీటర్ ముల్లు చివరికి కొట్టుకుంది. బయాస్ సరిచేసే ప్రీసెట్లు రెండూ పూర్తిగా తగ్గించుకున్నాకే పవర్ ఇవ్వు.

విశాఖ నుంచి:
నేను ఒప్పుకోను. 10 వాట్లు 20 అయితే పెరిగేది 3 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌లో ఒక గీతకి 6 కావాలి. ఢిల్లీలో వినేవాడికి అరగీత తేడా కోసమా ఇదంతా?

24 ఓల్టులు నేను ఇచ్చి చూశాను. 7.020లో మోర్స్ కొడుతుంటే రెండు వీధుల అవతల ఉండే హ్యామ్ ఫోన్ చేసి, "21.060లో కూడా నువ్వే వినిపిస్తున్నావు" అన్నాడు. మూడో హార్మోనిక్, అంటే నా ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర పుట్టే అనవసరపు సిగ్నల్! సరిగ్గా ఇంకో హ్యామ్ బ్యాండ్‌లో పడింది. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. మూడు, నాలుగు వెర్షన్లలో హార్మోనిక్స్‌ని ఆపే లో-పాస్ ఫిల్టర్ లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి ఒకే రిలేలో పక్కపక్కనే ఉంటాయి. ఫిల్టర్ ఆపాల్సింది రిలే కాంటాక్టుల మధ్య నుంచి దూకి యాంటెన్నాకి పోతుంది. 2019లో వచ్చిన ఐదో వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. నీది నాలుగో వెర్షన్, కాబట్టి ముందు ఆ రిలేల పని చూడు. పవర్ పెంచితే చెత్త కూడా దానితోపాటే పెరుగుతుంది.

డాలస్ నుంచి:
ఇక్కడి రూల్ చెప్తాను, కొలతగా పనికొస్తుంది. 30 మెగాహెర్ట్జ్ లోపు ట్రాన్స్‌మిటర్‌లో అవసరం లేని సిగ్నల్స్ అసలు సిగ్నల్ కన్నా కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలని ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) నియమం. అంటే 10 వాట్లకి అర మిల్లీవాట్. ఆ బోర్డును గాల్లోకి వదిలే ముందు ఈ లెక్క తప్పకుండా చూడాలి.

సికింద్రాబాద్ నుంచి:
విశాఖ అన్న చెప్పిన రిలే సంగతి ఒప్పుకుంటాను. 24 ఓల్టులు నేనూ వద్దంటాను. కానీ 28లో రెండు వాట్లని పది చేస్తే అది 3 కాదు, 7 డెసిబెల్స్, ఒక గీత దాటుతుంది. ఫిల్టర్‌లో లోపముంటే ఫిల్టర్ బాగుచేద్దాం, ట్రాన్సిస్టర్ మార్చడం ఎందుకు మానుకోవాలి?

విశాఖ నుంచి:
28 విషయంలో నీ మాట నిజమే. అయితే ఈ అబ్బాయి బాధ 7లో ఢిల్లీ గురించి. బాబూ, డైపోల్ (తీగ యాంటెన్నా) ఎంత ఎత్తులో ఉంది?

గుంటూరు నుంచి:
నేల నుంచి ఐదు మీటర్లు ఉంటుందండీ. పక్కింటి మేడ పిట్టగోడకి ఒక కొస, మా కొబ్బరిచెట్టుకి ఇంకో కొస.

విశాఖ నుంచి:
ఢిల్లీ అందకపోవడానికి పెద్ద కారణం అదే అనుకుంటున్నాను. 40 మీటర్ల బ్యాండ్‌కి (అదే 7 మెగాహెర్ట్జ్) ఐదు మీటర్ల ఎత్తంటే ఎనిమిదో వంతు వేవ్‌లెంగ్త్. సిగ్నల్ ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి చుట్టుపక్కల ఊళ్ల మీదే దిగుతుంది, కొంత నేలలో వేడి కింద పోతుంది. చెన్నై అందుతున్నది అందుకే. మధ్యలో ఒక పైపు నిలబెట్టి పది మీటర్లకి ఎత్తు, కొసలు కిందికి వాలినా ఫర్వాలేదు.

గుంటూరు నుంచి:
ఈ ఆదివారం పైపు ఎత్తుతాను. తర్వాత రిలేలు. ఆర్‌డీ16లు కొంటాను కానీ 43 లెక్క కుదిరేదాకా వేయను. కొలవడానికి ఒక మిత్రుడు టైనీఎస్‌ఏ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే చిన్న మీటర్) ఇస్తానన్నాడు. నేరుగా తగిలించవచ్చా?

విశాఖ నుంచి:
అస్సలు వద్దు, 10 వాట్లు ఇస్తే కాలిపోతుంది. ఒక వాట్ రెసిస్టర్లు, 1 కిలో ఓమ్‌వి, 20 తెచ్చి ప్యారలల్‌గా కలుపు. యాంటెన్నా బదులు తగిలించే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ అవుతుంది. వైర్‌వౌండ్ (తీగ చుట్టి చేసిన) రకం మాత్రం తీసుకోకు. దాని మీద నుంచి 50 డెసిబెల్స్ తగ్గించి టైనీఎస్‌ఏకి ఇవ్వు. 7లో కీ నొక్కి ముందు 21 దగ్గర చూడు, ఎంత వచ్చిందో ఇక్కడ రాయి. 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).