ఆదర్శం పోయిన మనిషిని ఏమనాలి: మోహభంగమా, భ్రష్టత్వమా?

కాలువగట్టు:
మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు కౌలు రైతుల కోసం సంఘం పెట్టి లాఠీ దెబ్బలు తిన్న మనిషి. ఇప్పుడు వరి చేలను రొయ్యల చెరువులకు లీజుకు ఇప్పించి కమీషన్ తీసుకుంటున్నారు. ఆయన గురించి రాస్తూ ‘మోహభంగం’ అన్నాను. మా అన్నయ్య అది కొట్టేసి ‘భ్రష్టుడు’ అని దిద్దాడు. ఏది సరి?

పాత పంతులు:
మీ అన్నయ్యదే ఒప్పు. కమ్మిన మోహం విరిగితే మోహభంగం. రైతు పక్షాన నిలబడటం మోహమా? ఆ మాట వాడితే ఆయన అప్పుడు చేసిందే పొరపాటని ఒప్పుకున్నట్టు.

గౌతమి పాయ:
భ్రష్టమంటే సంస్కృతంలో జారిపడినది, అంతే. గీత ఆరో అధ్యాయంలో యోగభ్రష్టుడికి నరకం రాసిపెట్టలేదు. శుచులైన శ్రీమంతుల ఇంట మళ్లీ పుడతాడని ఉంది. తెలుగులో ‘భ్రష్టు పట్టింది’ అని తిట్టుగా స్థిరపడింది.

పాత పంతులు:
మరో జన్మ దాకా ఎందుకండీ, ఈయన ఈ జన్మలోనే శ్రీమంతుడయ్యారు కదా!

వశిష్ఠ ఒడ్డు:
నాకు రెండూ నచ్చలేదు. విరగడం, పడటం ఒక్క రోజులో జరిగేవి. కాలువకు గండి పడితే ఊరంతా పరుగెత్తుతుంది, ఫలానా రాత్రి అని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఆదర్శం అలా పోదు, పూడిపోతుంది. ధవళేశ్వరం నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, అడుగున ఒండ్రు చేరుతూనే ఉంటుంది. శివారు చేనుకు తడి అందని రోజున గానీ ఎవరికీ తెలియదు. అందుకే ‘పూడిపోయారు’ అంటాను. పైగా పూడిక తీయవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసి చేయవలసిన పని అదే. (మా శివారులో తీసి ఎన్నాళ్లయిందన్నది వేరే గొడవ.)

పాత పంతులు:
పోలిక బాగుంది, మాట నిలవదు. ‘పూడిపోయారు’ అంటే ఎప్పుడు పోయారని అడుగుతారు. అదీగాక, పూడిన కాలువ కమీషన్ తీసుకోదు.

గౌతమి పాయ:
‘దిగజారారు’ అంటే? మెల్లగా జరిగిందని తెలుస్తుంది, తప్పు ఆయనదేననీ తెలుస్తుంది.

పాత పంతులు:
దానికి నేను అడ్డు చెప్పను.

కాలువగట్టు:
నేనూ అదే రాద్దామనుకున్నాను. ఇంతలో సంగతి ఆయన చెవిన పడింది. ఈ ఉదయం వంతెన దగ్గర ఆపి, “నా గురించి ఏదో రాస్తున్నావటగా అబ్బాయీ, తెలివి వచ్చిందని రాయి” అన్నారు.