చిన్న దీవిలో పాడి పరిశ్రమ నిలబడుతుందా? మారిషస్ వాళ్లకు ఏం చెప్పాలి?

కొంపల్లి పాడి:
అందరికీ నమస్కారం. మేడ్చల్ దగ్గర మా బాబాయితో కలిసి పదకొండేళ్లుగా గేదెలు మేపుతున్నాను. ఈమధ్య మారిషస్ నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక తెలుగు కుటుంబంతో పరిచయమైంది, వాళ్ల పూర్వీకులు కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లు. మారిషస్‌లో ఇళ్లలో వాడేది ఎక్కువగా బయటి దేశాల పాలపొడే. ఒకప్పుడు చాలా ఇళ్ల వెనక రెండు మూడు ఆవులు ఉండేవట, చెరకు ఆకు కోసుకొచ్చి మేపేవారట, ఇప్పుడు ఆ పాకలన్నీ ఖాళీ. వాళ్లకు ఇరవై ఆవులతో డెయిరీ మొదలుపెట్టాలని, తర్వాత చుట్టుపక్కల వాళ్లను కూడా కలుపుకోవాలని ఉంది. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, ఎక్కువ పాలిచ్చే చలిదేశాల జాతి) ఆవుల్ని దిగుమతి చేసుకుందామా అని నన్ను అడిగారు. మొత్తం దేశమే రెండు వేల చదరపు కిలోమీటర్లు, సాగు భూమిలో ఎక్కువ భాగం చెరకే. ఇలాంటి చోట ఐదేళ్లకు మూతపడకుండా డెయిరీ నడవాలంటే ముందు ఏం చూసుకోవాలి? వాళ్ల డబ్బు పోతుందేమోనని నాకే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
తమ్ముడూ, ఆవుల మాట చివర్న, ముందు మేత చూడమనండి. పాలిచ్చే ఆవుకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. మారిషస్‌లో చెరకు నరికేది సుమారుగా జూన్ నుంచి డిసెంబర్ దాకా, ఆ నెలల్లో చెరకు మొవ్వ (గడ కొట్టాక మిగిలే పై ఆకు) కావలసినంత దొరుకుతుంది. మరి జనవరి నుంచి మే వరకు? ఇరవై ఆవులకు రోజుకు 30 కిలోల చొప్పున 150 రోజులకు లెక్కేస్తే 90 టన్నులు. అందుకే నరికే రోజుల్లోనే మొవ్వను ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కించి పాతర వేసుకోవాలి. మొవ్వలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి గట్ల వెంట సుబాబుల్, అవిసె పెంచమనండి, లేకపోతే ఆ లోటంతా ఓడలో వచ్చే దాణాతోనే పూడ్చాలి. పాలపొడి దిగుమతి మానేసి మొక్కజొన్న, సోయా చెక్క దిగుమతి చేసుకుంటే దేశానికి ఒరిగేదేమీ లేదు. చక్కెర మిల్లులో మడ్డి (మొలాసిస్) దొరుకుతుంది, అది కొద్దిగా కలిపితే మేత ఇష్టంగా తింటాయి.

జాతి విషయానికొస్తే, అసలు హెచ్‌ఎఫ్ వద్దు. 25 డిగ్రీలు దాటి ఉక్కపోత కూడా ఉంటే అది మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. జమైకా కూడా దీవే. అక్కడ టి.పి. లెకీ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి కష్టపడి జమైకా హోప్ అనే జాతిని తయారుచేశారు, 1952లో దానికి గుర్తింపు వచ్చింది. అందులో సుమారు 80 శాతం జెర్సీ, 15 శాతం మన సాహివాల్, మిగతాది హోల్‌స్టీన్. ఒళ్లు చిన్నది, మేత తక్కువ, ఎండకు ఓర్చుకుంటుంది. మనవాళ్లు కూడా జెర్సీ సంకరమే చూసుకోవాలి.

ఇంకొకటి, 2016లో మారిషస్‌లో గాలికుంటు వచ్చింది. దీవిలో రోగం లేనన్నాళ్లూ లేదు, ఒక్కసారి దిగితే పశువుల్ని తప్పించడానికి పక్క జిల్లా అంటూ ఉండదు. అందుకే బయటి నుంచి ఆవుల్ని తెప్పించడం కంటే వీర్యం తెప్పించుకుని అక్కడి ఆవులకు సూది వేయించడం మేలు. ఆలస్యమవుతుంది, అయినా అదే మేలు.

పాత పాలసేకరణ సూపర్‌వైజర్, లాలాపేట:
డాక్టరు గారు మేత, జాతి చెప్పేశారు, నేను రేటు సంగతి చెప్తాను, ఎందుకంటే మేత బాగున్న డెయిరీలు కూడా రేటు దగ్గరే పడిపోవడం చూశాను. కిలో పాలపొడి సుమారు ఎనిమిది లీటర్ల పాలతో సమానం. అక్కడి రేవులో కిలో పొడి ఎంతకు దిగుతోందో కనుక్కుని ఎనిమిదితో భాగించమనండి, మీవాళ్లు పోటీపడాల్సిన లీటరు రేటు అదే. అంతకంటే ఖర్చు ఎక్కువైతే చాయ్ పాలల్లో గెలవలేరు. గెలిచేది పెరుగు, పనీర్, నెయ్యి, పొద్దున పిండి సాయంత్రానికి ఇంటికి చేర్చే పాలతో.

జమైకా కథ సగమే చెప్పారు డాక్టరు గారు. అంత మంచి జాతి చేతిలో ఉన్నా 1992లో దిగుమతి పొడి మీద పన్నులు ఎత్తేసి, రైతుకిచ్చే సాయం ఆపేసరికి యూరప్ నుంచి సబ్సిడీ పొడి దిగిపోయింది, పాలు కొనేవాళ్లు లేక రైతులు పారబోసుకున్నారు. అదే యూరప్ పొడి మన దేశానికీ వచ్చింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ (దేశమంతా పాల ఉత్పత్తి పెంచే పథకం) మొదలైనప్పుడు దాన్ని నడిపిన అమూల్ కురియన్ గారు ఉచితంగా వచ్చిన పొడిని, బటర్ ఆయిల్‌ను పాలుగా మార్చి మహానగరాల్లో మార్కెట్ రేటుకే అమ్మించి, ఆ డబ్బును సంఘాలకు, చల్లబరిచే కేంద్రాలకు పెట్టించారు. చవగ్గా పంచి ఉంటే మన రైతు కూడా అప్పుడే మునిగేవాడు. మారిషస్‌లో కూడా దిగే ప్రతి కిలో పొడి మీద కొంచెం తీసి అక్కడి రైతు లీటరుకు కలపాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. ఇరవై ఆవుల మనిషి ఒక్కడు అడిగితే వినరు, అందుకే చుట్టుపక్కల వాళ్లను తర్వాత కాదు, మొదటి రోజు నుంచే కలుపుకోమనండి.

ఉప్పల్ పద్మశాలి ఇంటి కోడలు:
మా పుట్టిల్లు ముల్కనూర్ వైపు. అక్కడి మహిళా సహకార డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్లే, పాలు పోసేదీ వాళ్లే, సంఘం నడిపేదీ వాళ్లే. నేను పెళ్లయి వచ్చాక మా అత్తగారి ఊళ్లో ఒక ప్రైవేటు కేంద్రానికి పాలు పోశాం. చలికాలంలో పాలు పెరగ్గానే రేటు తగ్గించేవారు, వెన్న శాతం మా ముందు చూసేవారు కాదు, బిల్లు రెండు నెలలు ఆలస్యమయ్యేది. మూడేళ్లకు మా అత్తమ్మ రెండు బర్రెల్నీ అమ్మేసింది, అమ్మిన రోజు అన్నం తినలేదు. కాబట్టి అన్నా, వాళ్లకు మీరు చెప్పాల్సింది ఇది: పదిహేను రోజులకోసారి డబ్బు చేతికి రావాలి, మిషన్‌లో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) పోసినవాళ్ల కళ్ల ముందే చూపించాలి. ఆ పాకలు ఎందుకు ఖాళీ అయ్యాయో అక్కడి ముసలమ్మల్ని అడగమనండి, మేత లేక అమ్మారా, డబ్బు రాక అమ్మారా అని.

కొంపల్లి పాడి:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఫోన్ చేసి హెచ్‌ఎఫ్ ఆలోచన మాన్పించాను. పద్మశాలి అక్కా, మీరు చెప్పినట్టే అడగమన్నాను, వాళ్ల నాయనమ్మే ఫోన్ తీసుకుని, ఆవుల్ని అమ్మింది మేత లేక కాదు, కోసుకొచ్చే పిల్లలు హోటల్ పనులకు వెళ్లిపోయారని చెప్పింది. డాక్టరు గారూ, ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఇరవై ఆవులకు రోజూ మొవ్వ కోసి, మోసి, ముక్కలు చేయడానికి ఎంతమంది మనుషులు కావాలి, ట్రాక్టర్‌కు తగిలించే చాఫ్ కట్టర్ (మేత ముక్కలు చేసే మిషన్) పెడితే ఇద్దరితో అవుతుందా?